మా ఇంటి అయిదో ఊపిరి

1. సోమవారం

గాలి సరిపోయింది. తాగే నీళ్లు బిందెడు మిగిలాయి. ఇంట్లో మనుషులు నలుగురు. మీటరులో అయిదుగురు.

ఈ పుస్తకం చదివే ఆఫీసు అయ్యగారికి ముందుగా ఒక మాట. ఇది మా ఇంటి రెండో గాలి పుస్తకం. మొదటిది మా ఇంటి దెయ్యం కుదురుకున్న కథతోనూ, ఆ తర్వాతి పదేళ్ల లెక్కతోనూ నిండిపోయింది. గాలి పుస్తకంలో గాలి లెక్క తప్ప మరో ముక్క రాయకూడదని మీరు అట్ట మీదే అచ్చు వేశారు. నేనూ అదే రాద్దామనుకుంటాను. కానీ మా ఇంట్లో గాలి లెక్క చెప్పాలంటే దెయ్యం సంగతి చెప్పక తీరదు. నలుగురున్న ఇంట్లో అయిదుగురి గాలి ఎందుకు ఖర్చవుతోందని రేపు మీరే అడుగుతారు.

నా పేరు అప్పలకొండ. ఆరో తరగతి దాకా చదివాను, ఆరు మాత్రం రెండుసార్లు చదివాను. దిగువపాలెం సొరంగంలో ఎరువు గుంటలు కలియబెట్టడం నా పని. పెళ్లి కాలేదు. కుజుడి మీదే కాపురం పెట్టినవాళ్లకు ఇంకా కుజదోషం ఏమిటని ఇక్కడ జాతకాలు చూడటం మానేశారు గానీ, నా జాతకంలో దోషం నా నోరేనని మా అమ్మ అంటుంది. నీళ్ల ఆఫీసరు బూట్లలో పుట్టగొడుగులు మొలిపించింది నేనే. మీటరు ముందు కోడిని కట్టేసి ఒక మనిషి గాలి అదనంగా రాబట్టిందీ నేనే. అందుకే మా ఇంట్లో అయిదో ఊపిరి మొదలైనప్పుడు సొరంగం సొరంగమంతా వచ్చి నా మంచం కింద కోడి కోసం వెతికింది.

కోడి లేదు.

మా అన్న సింహాచలం మంచుబండి తోలేవాడు. ధ్రువం నుంచి మంచు తెచ్చే దారిలో ఎర్రమన్ను కొండ విరిగి బండి మీద పడింది. ఏడాది ఎదురుచూశాం. కబురు లేదు. కర్మ జరగని మనిషి ఆకలితో తిరుగుతాడని అమ్మ పట్టుబట్టింది. శవం దొరకనివాళ్లకు గడ్డిబొమ్మ చేసి కర్మ చేయడం మనలో ఉన్నదే. కర్మలు చేయించే దాసుడు తవిటయ్య చోడిగడ్డితో, అదే రాగిగడ్డితో, అన్న బొమ్మ కట్టాడు. సొరంగంలో నిప్పు రాజెయ్యకూడదు. ఇక్కడ పోయినవాళ్లందరూ ఎరువు గుంటలోకే వెళతారు. అన్నకు కొడుకు లేడు కాబట్టి బొమ్మను గుంటలోకి దించింది నేనే.

పదో రోజు పిండం పెట్టిన మధ్యాహ్నం మీటరు అయిదు చూపించింది.

ఆ మొదటి నెలల భయం పాత పుస్తకంలో ఉంది, మళ్లీ రాయను. ఖాళీ మంచం మీద దుప్పటి లేచి దిగడం, ఎవరూ లేని గదిలో ఫ్యాను ఊపిరి తీసినట్టు ఆగి ఆగి తిరగడం, వదిన తల దువ్వుకుంటుంటే వెనకనుంచి వెచ్చటి గాలి రావడం. చివరికి తవిటయ్య గోడకు ఒక అరుగు కట్టించి, మీద అన్న పటం పెట్టించి, రోజూ ఒక ముద్ద, ఏటా ఒక పంచె పెట్టమన్నాడు. పెట్టాక కుదురుకున్నాడు. అప్పటినుంచీ ముద్ద పెట్టేది నేనే. అన్న కూతురు బంగారి ఆ అరుగు కింద కూర్చునే అక్షరాలు నేర్చుకుంది. దానికి చలివేస్తే ఎవరూ మీట నొక్కకుండానే ఆ మూలకు వేడిగాలి వచ్చేది. అది ఆ అరుగునే నాన్న అంటుంది.

ఇదీ సంగతి. ఇకమీదట గాలి లెక్కే రాస్తాను.

2. బుధవారం

గాలి సరిపోయింది. మనుషులు నలుగురు, మీటరులో అయిదుగురు.

ఎరువు గుంట దగ్గరికి ఆఫీసు మనిషి వచ్చి, కొత్త దారి తవ్వుతుంటే మా అన్న బండి బయటపడిందని చెప్పాడు. శవాన్ని ఎప్పుడు తీసుకెళ్లాలని అడిగాను. శవం కాదన్నాడు.

మంచుబండిలో నిద్రపెట్టె ఉంటుంది. దారి మూసుకుపోతే తోలేవాడు అందులో పడుకుంటాడు. ఒళ్లు చల్లబడిపోతుంది, వయసు ఆగిపోతుంది, ఎవరో వచ్చి లేపేదాకా. ఆ పెట్టె నెలకు మించి పనిచెయ్యదని అప్పట్లో తెలిసినవాళ్లే చెప్పారు. పనిచేసింది. బంగారి అయిదేళ్ల పిల్ల నుంచి పదహారేళ్ల పిల్ల అయ్యేదాకా పనిచేసింది.

ఇంటికి పరిగెత్తాను. అమ్మ చోళ్లు చెరుగుతోంది. వదిన పైడమ్మ పుట్టగొడుగుల బుట్టలు దించుతోంది.

"అన్న బతికే ఉన్నాడు," అన్నాను.

వదిన తల ఎత్తలేదు. "ఈపాలి కోడిని ఏ మంచం కింద కట్టినావేటి?"

"ఒట్టు వొదినా. నిద్రపెట్టెలో దొరికినాడట."

"అప్పలకొండా, నీకు నలబై దాటినాయి. ఆడదాని పసుపుకుంకాలతోటి ఎకసెక్కాలు ఆడకు. పోయి కాళ్లు కడుక్కో."

అమ్మ చేట కింద పెట్టి నా మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు నా మొహంలో నవ్వు ఉండదని ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు. అప్పుడు నేను నవ్వుతున్నాను. కళ్లు కూడా కారుతున్నాయి.

"పైడీ," అంది అమ్మ, "ఈడు నిజమే సెప్తన్నాడే."

వదిన చేతిలో బుట్ట జారింది. అరుగు దగ్గర ఫ్యాను మాత్రం మెల్లగా తిరుగుతోంది, పొద్దున నేను పెట్టిన ముద్ద మీద. అమ్మ అటు చూసింది.

"మరైతే ఇన్నాళ్లూ మనం కూడు పెట్టింది ఎవులికిరా?"

3. శనివారం

గాలి కాస్త బిగిసింది. మనుషులు అయిదుగురు. మీటరులో అయిదుగురు.

ఆస్పత్రి నుంచి అన్నను తీసుకొచ్చాం. గుమ్మంలో నన్ను చూసి "అయ్యా" అన్నాడు. పోయిన మా నాన్న అనుకున్నాడు. నా నెరిసిన మీసానిదే ఆ తప్పు.

"నానురా, కొండని," అన్నాను.

అన్నను ఒరే అనడం నా జన్మలో అదే మొదటిసారి. ఎవరూ తప్పు పట్టలేదు. చూసేవాళ్లకు ముప్పై మూడేళ్లవాడు వాడు, పెద్దవాణ్ని నేను.

వదిన తలుపు పక్కన నిలబడింది. తాళి లేని మెడను కొంగుతో కప్పుకుంది. అన్నకు ఆమెను వదిలి వెళ్లింది మొన్ననే.

"ఇలగైపోనావేటి పైడీ?"

"నువ్వు అలగే ఉండిపోనావు కదా, అందుకు."

అమ్మ వాణ్ని పట్టుకుని ఏడ్చి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఒళ్లు మంచులాగున్నాదిరా," అంది. బంగారి పీట వేసి "కూర్చోండి" అంది. కన్న తండ్రిని అది మీరు అంది. అన్న పీట మీద కూర్చుని దాని మొహంలో అయిదేళ్ల పిల్ల కోసం వెతుక్కున్నాడు.

తర్వాత అరుగు చూశాడు. తన పటం, పంచెలు, ముద్ద. కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. మా ఇద్దరిదీ ఒకే నవ్వు, నాకు నేర్పింది వాడే.

"నాకేనేటి పెట్టినారు? పెట్టినోళ్లు ఉప్పెయ్యాలి కదురా," అని ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టేలోపే మింగేశాడు. అరుగు మీద ఫ్యాను ఆగిపోయింది.

నేను మీటరు చూశాను. అన్న రాకముందు మేం నలుగురం, అరుగు మీదవాడితో అయిదు. ఇప్పుడు అన్నతో ఆరు ఉండాలి. అయిదే ఉంది. తలుపు తెరిచి ఒక్కొక్కరినీ బయటికి పంపి చూశాను. అమ్మ వెళితే తగ్గింది. వదిన వెళితే తగ్గింది. అన్నను పంపితే తగ్గలేదు.

"ఏటిరా, ఇంకా మీటరుతోటి ఆటలేనా?" అన్నాడు అన్న.

అవునన్నాను. ఆ పూటకు అది ఆటే అనుకుంటే వాడు సుఖంగా ఉంటాడు.

4. మంగళవారం

గాలి చాలలేదు. తలనొప్పులు.

అయిదుగురి గాలిని ఆరుగురం పీలుస్తున్నాం. దానికి ఎలాగో సర్దుకోవచ్చు. అన్న ఆకలికే సర్దుకోలేకపోతున్నాం. చోడి అంబలి కుండెడు తాగుతాడు. తన వాటా తిని, అమ్మ వాటా తిని, నావంక చూస్తాడు. నాది ఇస్తాను. గిన్నె దించి, "ఎవులో నా గొంతులోంచి లాక్కుపోతన్నట్టున్నాదిరా," అంటాడు. చెంపలు లోపలికి పోయాయి. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు తగ్గడం లేదు.

వదిన కరెంటు పొయ్యిపలక పక్కనే వాడికి పక్క వేసింది. వేసి దూరంగా కూర్చుంది. అమ్మ దగ్గరగా కూర్చోమంటే, "అత్తా, నాను ఈ మనిషికి పదేళ్ల కింద గాజులు పగలగొట్టుకున్నాను. రెండు రోజుల్లో మళ్లీ పెళ్లాన్ని ఎలగవుతాను?" అంది. గట్టిగా అనలేదు. అన్నకు వినపడింది.

5. గురువారం

అన్న చావు తప్పించుకున్నాడు.

స్నానాల గది తెలుసు కదా. గాలి బయటికి పోకుండా తలుపు దానంతటదే మూసుకుని బిగుసుకుంటుంది. లోపల మనిషి ఊపిరిని మీటరు పట్టుకుంటే ఫ్యాను తిరిగి గాలి వదులుతుంది. మనిషి లేకపోతే వదలదు. వాటా గాలి వృథా కాకుండా మీరే పెట్టిన ఏర్పాటు.

అన్న ఒక్కడే వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వదిన పిలిచింది, పలకలేదు. తలుపు పక్కన పలక మీద 'గది ఖాళీ' అని ఉంది. వదిన చదివింది. చదివి, పుట్టగొడుగుల గునపం తెచ్చి, తలుపు సందులో దూర్చి ఊడబెరికింది. ఆమెకు అంత బలం ఉందని నాకు తెలియదు. అన్న నేల మీద నీలంగా పడున్నాడు. వదిన వాడి నోట్లో తన ఊపిరి ఊదింది. ఊదుతూ మధ్యలో తిట్టింది. "ఒక్కపాలి సస్తే సాలదేటి నీకు? నన్ను రెండుపాల్లు ముండమొయ్యమంతావేటి?"

కళ్లు తెరిచాడు.

ఆఫీసు నుంచి మీటరు బాగుచేసే మనిషి వచ్చాడు. అన్నీ విప్పి చూసి బాగానే ఉన్నాయన్నాడు. పరీక్షకు నన్ను లోపల నిలబెడితే ఫ్యాను తిరిగింది. అన్నను నిలబెడితే తిరగలేదు. ఆ మనిషి అన్నవంక చూడలేదు, నావంక చూశాడు.

"కోడితో ఎక్కువ చూపించడం విన్నాను," అన్నాడు. "మనిషిని కనపడకుండా చేయడం ఎలాగో చెప్పు, రాసుకుంటాను."

నాకు తెలియదని దణ్ణం పెట్టి చెప్పాను. నవ్వుతూ వెళ్లిపోయాడు. ఇన్నేళ్ల నా వేషాలు వెళ్లి వెళ్లి ఆ నవ్వులో తేలాయి.

అప్పటినుంచి అన్న ఒంటరిగా ఏ గదిలోకీ వెళ్లకూడదు. ఎవరో ఒకరు తోడుంటే వాళ్ల గాలి పంచుకుంటాడు.

6. ఆదివారం

అరుగు మీద ముద్ద ఆపేశాం. అమ్మ ఆపమంది. దొంగకు కూడు పెట్టి సొంతవాణ్ని చంపుకుంటామా అంది. నేను ఆపాను. చెయ్యి అలవాటుగా ముద్ద చేసింది, మళ్లీ గిన్నెలోనే వేశాను.

మూడు పూటలు గడిచేసరికి అన్న లేవలేకపోయాడు. ఇంట్లో ఫ్యానులన్నీ ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతూ ఆగుతూ, గది గది వెతుకుతున్నట్టు ఉన్నాయి. గిన్నెల మూతలు జారి కింద పడ్డాయి. అక్కడ ఆకలేస్తే ఇక్కడ వీడు పడిపోతున్నాడు. ఇద్దరికీ ఒకటే పొట్ట.

ఆ పూట అరుగు మీద ముద్ద కనిపించింది. నేను పెట్టింది కాదు. బంగారి తన కంచంలోది దాచి పెట్టింది. అమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

"దెయ్యానికి కూడు పెడతావేటే? మీ అయ్య ఇక్కడ సస్తన్నాడు."

"నాకు జరం వస్తే పక్కన కూకున్నది ఎవులు? బడికి ఎల్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది ఎవులు? నానమ్మా, దెయ్యమని నువ్వే అన్నావు. నాకు నాన్నని సెప్పింది కూడా నువ్వే."

అమ్మ దాని చెయ్యి వదిలేసింది.

పక్క మీదనుంచి అన్న పిలిచాడు. "బంగారీ. ఇలగ రా."

దూరంగా నిలబడింది.

"అది ఏటేటి సేసేదో నాకు సెప్పమ్మా. అన్నీ సెప్పు. నానింక బతికితే, నేర్సుకుంటాను."

అది చాలాసేపు అరుగునే చూసింది. తర్వాత వెళ్లి వాడి పక్క అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నేను బయటికి వచ్చేశాను. ఎరువు గుంట కలియబెట్టాను. అది నా వంతు రోజు కూడా కాదు.

7. సోమవారం

గాలి చాలలేదు.

దాసుడు తవిటయ్యను తీసుకొచ్చాను. ముసలివాడైపోయాడు, చూపు లేదు. అన్న ఒళ్లు తడిమి, అరుగు తడిమి, మా అందరి మధ్య కూర్చున్నాడు.

"తప్పు నాదీ, మీదీ," అన్నాడు. "పది రోజులు పిండాలు పెడతాం కదా, అవి ఏటనుకున్నారు? ఓ ముద్ద తల, ఓ ముద్ద మెడ, ఓ ముద్ద గుండె. పోయినోడికి ఒళ్లు కట్టడం అది. పోయినోడుంటే వచ్చి అందులో దూరతాడు. ఈడు పోలేదు. కట్టిన ఒళ్లు ఖాళీగా ఉంటాదేటి? మీ ఏడుపే అందులో దూరిపోనాది. ఈడి పేరుతో పిలిసినాం. ఈడి కూడు పెట్టినాం. ఈడి వాటా గాలి దానిదైపోనాది."

"మరి తీసెయ్యి," అంది అమ్మ.

"తీయడానికి అది దెయ్యం కాదు నూకాలమ్మా. మీరు కన్నదే."

కర్మ అయిపోయినవాడు తిరిగొస్తే వాడు మళ్లీ పుట్టాలట. కలవారి ఇళ్లలో నేతికుండలో ముంచి తీసి బారసాల చేసేవారట. నెయ్యి మనకు మందుకు కూడా దొరకదు. తవిటయ్య తన పేరు మీద తనే నవ్వుకున్నాడు.

"మన సొరంగంలో మనకున్నది తవుడే. నాకు ముందు మా అమ్మకి ముగ్గురు పోనారు. నన్ను పెంటకుప్ప మీద పడేసి, ఈడు నాకొద్దని అరిసింది. పొరుగింటామె తవుడు కొలిసిచ్చి నన్ను కొనుక్కుంది. కొనుక్కుని, పెంచిపెట్టమని మా అమ్మకే ఇచ్చినాది. తవుడికి అమ్ముడైనోణ్ని సావు కూడా లెక్కెట్టదని. నాకు ఎనబై దాటినాయి, ఇంకా లెక్కెట్టలేదు."

అలా కొత్త పేరుతో అన్న బయటపడతాడు. మరి పాత పేరో, అని అడిగాను.

"అరుగు ముందు మూడుపాల్లు పిలుస్తాను. ఎవులూ పలక్కూడదు. పలికేవోళ్లు లేకపోతే ఆ పేరు బయటికి ఎలిపోతాది, దాంతోపాటు అదీని."

"బయటికంటే?"

"బయటికే."

బయట అంటే ఎర్రమన్ను, చలి, పీల్చడానికి ఏమీ లేని ఖాళీ. బంగారి మొహం తిప్పుకుంది.

8. శుక్రవారం

మధ్యాహ్నం దీపాలు పూర్తిగా వెలిగినప్పుడు చేశాం. ఆనాడు గడ్డిబొమ్మను దించిన గుంట దగ్గరే.

పసిబిడ్డనైతే చేటలో పెట్టి పారేస్తారు, అంత మనిషి చేటలో పట్టడు. ఎరువు మోసే పెద్ద గంపలో ముడుచుకుని కూర్చున్నాడు అన్న, మోకాళ్లు గడ్డానికి ఆనించి. ఇంకో రోజైతే ఆ కూర్చోవడం మీద నెలకు సరిపడా మాటలు విసిరేవాణ్ని. గంపను అమ్మా నేనూ గుంట గట్టు మీదకు లాగాం. కొడుకును పారేస్తున్నానని అమ్మ మూడుసార్లు అరవాలి.

"ఈడు నాకొద్దు," అంది. గొంతు బాగానే ఉంది. "పనికిమాలినోడు, నాకొద్దు." రెండోసారి గంప అంచు పట్టుకుంది. మూడోసారి నోరు కదిలింది గానీ మాట రాలేదు. తవిటయ్య ఆగాడు. వదిన వెళ్లి అత్త వేళ్లు ఒక్కొక్కటే గంప మీదనుంచి విడదీసింది. అప్పుడు వచ్చింది మాట.

"కొనేవోళ్లు రాండి," అన్నాడు తవిటయ్య. పొరుగింటి గురమ్మను మాట్లాడి పెట్టాం. గురమ్మ సోలతో తవుడు పట్టుకుని ముందుకు వచ్చేలోపు బంగారి ఆ సోల అందుకుంది.

"నాను కొంతాను," అంది.

అమ్మ గాభరా పడింది. "ఇంటి పిల్ల కొనకూడదేమో. ఎరగనోళ్లు కొనాల."

తవిటయ్య చూపులేని కళ్లు దానివైపు తిప్పాడు. "ఏమే, ఈణ్ని నువ్వెరుగుదువా?"

"ఎరగను," అంది బంగారి. "ఇప్పుడిప్పుడే ఎరగతన్నాను."

"ఐతే కొనుక్కో."

గంప పక్కన తవుడు కుమ్మరించింది. కుమ్మరించి, అన్న చెయ్యి పట్టి లేపింది. లేపి అమ్మ ముందు నిలబెట్టి, "నానమ్మా, ఈ గుంటడు నావోడు. పేరు తవుడు. పెంచిపెట్టు," అంది. అమ్మ కొడుకును వాటేసుకుంది. వెంటనే చెయ్యి వాడి వీపు మీద పెట్టి, "వెచ్చగున్నాడే పైడీ, వెచ్చగున్నాడు," అంది. వదిన వచ్చి నుదురు పట్టి చూసింది. చెయ్యి తీయలేదు.

ఇక ఇంట్లో అరుగు ముందు మిగిలిన పని. అందరం నోరు మూసుకుని నిలబడ్డాం. పటం బోర్లించి ఉంది. తవిటయ్య పిలిచాడు.

"సింహాచలం."

ఎవరూ పలకలేదు. అరుగు మీద ఫ్యాను మెల్లగా తిరుగుతోంది.

"సింహాచలం."

ఫ్యాను నెమ్మదించింది. ఆ మూలనుంచి చల్లగాలి మా కాళ్ల మీదుగా గుమ్మం వైపు పాకింది. బంగారి రెండు చేతులతో నోరు నొక్కుకుంది. ఆ గాలి దాని దగ్గర ఆగింది. పిల్లకు చలి పెట్టినందుకేమో, ఒక్క క్షణం వెచ్చబడింది. వెచ్చబడి మళ్లీ గుమ్మం వైపు కదిలింది.

అది దొంగ కాదు. దొంగతనం దానికి తెలియదు. ఎవరు పెడితే తిన్నది, ఏ పేరుతో పిలిస్తే పలికింది, మేం ఏడ్చినంత మేరా కావలసినవాడిలా ఉండిపోయింది.

"సింహాచలం."

"ఆఁ," అన్నాను నేను. "ఇక్కడే ఉన్నాను, సెప్పు."

అమ్మ వెనక్కి తిరిగి చెంప మీద కొట్టింది. "ఇదేటి, పెళ్లనుకున్నావా పేరంటమనుకున్నావా? ఇక్కడ కూడా ఆటేనా ఎదవా?" వదిన తల పట్టుకుంది. అన్న, అంటే తవుడు, నవ్వాడు, పుట్టాక అదే మొదటి నవ్వు. బంగారి నవ్వలేదు. నావంకే చూస్తోంది.

"నోరు జారినాది," అన్నాను. "దాసుడు గారూ, మళ్లీ పిలవండి."

"మళ్లీ పిలవడం ఉండదు," అన్నాడు తవిటయ్య. చెయ్యి చాపి నా మొహం తడిమాడు. పెదాల దగ్గర ఆగాడు. నవ్వు ఉందో లేదో చూశాడనుకుంటాను. చెయ్యి తీసేసి అమ్మతో, "పనైపోనాది నూకాలమ్మా, మీటరు సూడండి," అన్నాడు.

అయిదు. అమ్మ, వదిన, బంగారి, తవుడు, నేను. మనుషులు అయిదుగురు, మీటరులో అయిదుగురు. లెక్క కుదిరిందని అందరూ మీటరుకు దణ్ణం పెట్టారు. తవుణ్ని స్నానాల గదిలోకి పంపి, గునపంతో వదిన బయట నిలబడింది. లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. వదిన గునపం వదిలేసి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

నీళ్లు తెస్తానని చెప్పి నేను బిందె తీసుకుని గుమ్మం దాటాను. దాటి, వెనక్కి తిరిగి మీటరు చూశాను. ఇంట్లో నలుగురు. మీటరులో అయిదు.

9. ఆదివారం

గాలి సరిపోయింది. మనుషులు అయిదుగురు, మీటరులో అయిదుగురు. ఇకమీదట ఆఫీసు అయ్యగారికి మా ఇంటి లెక్కలో తేడా కనపడదు.

వదిన రేపు తవుడితో మళ్లీ తాళి కట్టించుకుంటానంది. "ఈపాలి సిన్నోడు దొరికినాడు," అని అమ్మతో అంటుంటే విన్నాను. బంగారి వాడికి చదువు చెబుతున్నట్టు పక్కన కూర్చోబెట్టుకుని, జ్వరం వస్తే ఏ పక్కన కూర్చోవాలో చెబుతోంది. అమ్మ నాతో ఇంకా మాట్లాడటం లేదు. అరుగు తీసేశారు. ముద్దను నేను నా కంచంలోనే ఒక పక్కన పెట్టుకుంటున్నాను. చూసినవాళ్లు కొత్త వేషం అనుకుంటున్నారు. కడుపు సగమే నిండుతోంది. సగంతో బతికినవాళ్లు చాలామంది ఉన్నారు.

నాకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. పోయాక బొమ్మ కట్టేవాళ్లు, ముద్ద పెట్టేవాళ్లు లేరు. నా దెయ్యం ముందే వచ్చేసిందనుకుంటే సరి.

ఒంటరిగా ఉంటే మీటరు నన్ను మనిషిగా పట్టుకుంటుందా అని ఒకటే అనుమానం మిగిలింది, ఈ రెండు రోజులూ వాయిదా వేశాను. ఎప్పుడూ ఎవరో ఒకరి వెనకాల నడిచాను. అప్పలకొండకు మనుషుల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందని గురమ్మ వేళాకోళం చేసింది. ఎన్నాళ్లని నడుస్తాను. ఇవాళ పొద్దున అందరూ అంబలి తాగుతుండగా స్నానాల గదిలోకి ఒక్కణ్నే వెళ్లాను. తలుపు దానంతటదే మూసుకుని బిగుసుకుంది.

ఫ్యాను తిరగలేదు.

నిలబడ్డాను. ఉన్న గాలిని పొదుపుగా పీల్చాను. వదిన గునపం ఎక్కడుందో గుర్తుచేసుకున్నాను. పిలిస్తే వస్తారు, కానీ నేను పిలిస్తే ఎవరు నమ్ముతారు, అదొకటి. ఇంకొంచెం చూద్దామనుకున్నాను. ఇంకొంచెం.

"ముద్ద పెట్టినోణ్ని," అన్నాను మెల్లగా. "పదేళ్లు ఒక్క పూటా మానలేదు. ఆ మూడు పూటలూ తప్పించి. దానికి కోపమా?"

ఫ్యాను కదల్లేదు. గోడకు ఆనుకున్నాను.

అప్పుడు మెడ వెనక, చెవి కింద, వెచ్చగా తగిలింది. పైన ఫ్యాను ఒకసారి ఊపిరి తీసినట్టు కదిలి, ఆగి, తిరగడం మొదలుపెట్టింది. గాలి వచ్చింది. చోడిగడ్డి వాసన వేసింది.

నేను కొంచెం పక్కకు జరిగాను. ఇరుకు గది, ఇద్దరం పట్టాలి కదా.